ఖాళీ జాడీ ఇవ్వకూడదు

ఆ వేసవి మొదలయ్యేనాటికి మాకు ఇంటిపేరు ఉంది, సొంత ఇల్లు లేదు. దేవమణికి ఇల్లుంది, ఇంటిపేరు ఉందో లేదో ఎవరికీ తెలియదు.

తెలుసుకుని తీరాలని పంతం పట్టింది నేనే. డబ్లిన్ తెలుగువాళ్ళు నన్ను మైకాసురి అంటారు. మైకు చేతికి చిక్కితే సంహారమే తప్ప విరమణ లేదని వాళ్ళ భావం. కన్నవాళ్ళు పెట్టిన పేరు సరోజిని. మా ఆయన జానకిరామ్ దాన్ని సైరన్‌జినిగా సవరించారు. ఆయన పేరునేమో శాండీఫోర్డ్ ఆఫీసువాళ్ళు జాన్‌గా కుదించేశారు. రోజూ పొద్దున్నే టిఫిన్ పెట్టి, జాన్‌కి రామ్ రామ్ చెప్పి సాగనంపడం నా వంతు.

మే నెలాఖరున మార్లే పార్కులో తెలుగువాళ్ళ వనభోజనాలు. కార్తీకమాసం కాదేమిటని అడక్కండి, ఈ దేశంలో ఎండ కాసిన రోజే కార్తీకం. పులిహోర, చికెన్ పకోడీ చెల్లిపోయాక అందరూ నా ఆట కోసం కేకలు మొదలెట్టారు. ఆట పేరు ఇంటిపేరు పురాణం. ఎవరైనా లేచి ఇంటిపేరు చెప్పాలి, నేను దాని మీద అక్కడికక్కడే ఓ విసురు విసరాలి. పెరుగు వారబ్బాయిని నిలబెట్టి, "నాయనా, పేరుకు తగ్గట్టు కాస్త పెరుగు" అన్నాను. కందుల వారు లేస్తే, "హమ్మయ్య, ఇంక ఇక్కడ అందరి పప్పులూ ఉడుకుతాయి" అన్నాను. గోరంట్ల దంపతులను, "మీ ఇంట్లో అంట్లు ఎవరివి, గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునేది ఎవరు?" అని అడిగితే మొగుడుగారు చెయ్యెత్తి లొంగిపోయాడు. మా చింతలపాటి వారినీ వదల్లేదు. "చింతలకి మా ఇంట్లో ఏపాటి కొదవా లేదు" అని నా మీద నేనే వేసుకున్నాను.

మనలో మాట, ఇంటిపేరు అడగడం మనకి హలో లాంటిది. ఆ హలోకి జవాబొచ్చేసరికి అవతలివాళ్ళ ఊరు, కులం, మన పంక్తిలో కూర్చుంటారా లేదా అన్నీ తేలిపోతాయి. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరం పైకి అనం. పైకి అనేది జోకు మాత్రమే.

వెనక వరసలో కొత్త ముఖం. ముప్పై అయిదు దాటిన మనిషి, మామిడిపండు రంగు చుడీదార్, ఒళ్ళో కాగితం పళ్ళెం.

"మీరేవూరండీ?" అన్నాను మైకులో.

"లీక్స్‌లిప్ అండి. మా ఆయన అక్కడ చిప్ ఫ్యాక్టరీలో."

"అమ్మో! లీకూ స్లిప్పూ రెండూ పేర్లోనే ఉన్న ఊరు. అక్కడ రహస్యాలు దాగవు. మరి మీ పేరు?"

"దేవమణి."

"అది ఒంటిపేరు. ఇంటిపేరు?"

"డి. దేవమణి అండి."

"డి అంటే?"

ఆవిడ నవ్వింది. పళ్ళెంలో పులిహోరని ఓ పక్కకి జరిపింది. మైకు పట్టుకున్నవాళ్ళకి నిశ్శబ్దమంత శత్రువు లేదు.

"డి అంటే డౌటా?"

పార్కు పార్కంతా ఘొల్లుమంది. దేవమణీ నవ్వింది, పెళ్ళివారింట్లో అరువు తెచ్చి పెట్టుకున్న నగలాంటి నవ్వు. నేను తర్వాతి ఇంటిపేరు మీదికి దూకాను.

*

తీరా చూస్తే దేవమణి మా ఆయన ఆఫీసులోనే కొత్తగా చేరిందట. వారంలో రెండు రోజులు శాండీఫోర్డ్ రావాలి, సాయంత్రం ఎమ్-ఫిఫ్టీ హైవే మీద కార్లు కదలవు. "రద్దీ తగ్గేదాకా మా ఇంట్లో టీ తాగి వెళ్ళు" అన్నాను. వచ్చింది. ఒకసారి వచ్చాక మళ్ళీ మళ్ళీ వచ్చింది. "అక్కా" అని పిలిచింది. పార్కులో మాటకి నొచ్చుకోలేదని నేను సంతోషించాను. నొచ్చుకోకపోవడం వేరు, నొప్పికి అలవాటు పడిపోవడం వేరు అని అప్పుడు తోచలేదు.

రెండోసారి వచ్చినప్పుడు ఓ చిన్న పింగాణీ జాడీ తెచ్చింది. పైన తెలుపు, అంచుకి గోధుమరంగు, మూతికి తెల్లగుడ్డతో వాసెన కట్టి ఉంది.

"గోంగూర అక్కా. ఎండు గోంగూరే, ఊరి నుంచి వచ్చింది. అమ్మ పద్ధతిలోనే పెట్టాను. వెల్లుల్లి దండిగా పడింది."

"అబ్బ, ప్రాణం లేచొచ్చింది!" అని అందుకున్నాను. ఆమె వెళ్ళాక వంటింటి పైఅరలో, ఇక్కడివాళ్ళు ప్రెస్ అంటారే ఆ చెక్క అలమారలో, లోపలికంటా పెట్టాను. మా ఆయనకి అంత వెల్లుల్లి పడదు. తీరిగ్గా చూద్దాం. వాసెన విప్పకపోతే వాసన రాదుగా.

జూన్‌లో ఓ సాయంత్రం ముగ్గురం వంటింట్లో కూర్చున్నాం. మా అమ్మాయి సహస్ర హాల్లో సోఫా మీద బోర్లా పడుకుని ఫోను చూసుకుంటోంది. పదిహేడేళ్ళది, తెలుగులో అడిగితే ఐరిష్ యాసలో ఇంగ్లీషు వడ్డిస్తుంది. మాటల్లో దేవమణి చదివిన కాలేజీ పేరు వచ్చింది. మా ఆయన కప్పు కింద పెట్టేశారు.

మా ఆయన మాటలు ఎప్పుడు మొదలైనా కోటలు దాటుతాయి, కోటాలు మాత్రం దాటవు.

"ఆ కాలేజీలో ఆ బ్రాంచి నాకు రావాల్సిందమ్మా. చేతిలో ర్యాంకుంది. అయినా రాలేదు. ఎందుకు రాలేదో చెప్పనక్కర్లేదుగా? పుట్టుక చూసి సీటివ్వడమేమిటి? ఒకప్పుడు పుట్టుక చూసి గెంటేశారు, తప్పే. ఇప్పుడు పుట్టుక చూసి పిలుస్తున్నారు. కులపిచ్చిని తిరగేసి కుట్టినంత మాత్రాన కొత్త చొక్కా అవుతుందా?"

నేను దేవమణి వైపు చూశాను. ఆమె చెంచాతో టీ కలుపుతోంది. పంచదార ఎప్పుడో కరిగిపోయింది.

"అన్నయ్యగారూ, నాకు సీటిచ్చిందీ అదే, నా పేరు తీసేసిందీ అదే. అందుకని దాన్ని పొగడబుద్ధీ కాదు, తిట్టబుద్ధీ కాదు. ఒక్కటే అనిపిస్తుందండి. పుట్టుక చూడొద్దు అనేముందు, చూడటం ఆపాలి కదా? సీటిచ్చే గదిలోనే కాదు, ఆ గదికొచ్చే దారంతా."

"బాగానే చెప్పావు గానీ..." అంటూ ఉండగా ఆయనకి ఫోనొచ్చింది. లేచి వెళ్ళారు.

"పేరు తీసేయడమేంటి దేవమణీ?" అన్నాను. నా నోరు ఊరుకోదుగా.

"మొదటిరోజు క్లాసులో మాస్టారు అందర్నీ ఇంటిపేరుతో సహా లేచి చెప్పమన్నారక్కా, ర్యాంకు కూడా. నాది పదిహేడు వేల చిల్లర. అంతే. ఆ రోజు నుంచీ నేను పదిహేడువేలే. 'ఏయ్ పదిహేడువేలూ, రికార్డు ఇటివ్వు.' ల్యాబులో నాతో జట్టు ఎవరూ ఉండరు, ప్రయోగాలన్నీ ఒక్కదాన్నే చేసేదాన్ని. మూడో ఏడు క్లాసులో ఫస్టొచ్చాను. పేపరు కూడా కోటాలో ఇచ్చారేమో అన్నారు."

ఆపేస్తుందనుకున్నాను.

"గుచ్చుకున్నవి అవి కావక్కా. హాస్టల్లో అందరూ ఇళ్ళ నుంచి పచ్చళ్ళు తెచ్చేవాళ్ళు. బల్ల మధ్యలో పెడితే ఎవరిది ఎవరైనా వేసుకోవచ్చు. అమ్మ నాకూ ఓ జాడీ ఇచ్చింది, అందరికీ పెట్టు తల్లీ అని. పెట్టాను. సెలవులకి ఇంటికెళ్ళేటప్పుడు చూస్తే నూనె అంచుదాకా అలాగే ఉంది. చెంచా మునిగిన గుర్తు కూడా లేదు. అమ్మకి చూపించలేక బస్టాండు వెనక పారబోసి, కడిగి, ఖాళీ జాడీ పట్టుకెళ్ళాను. అమ్మ ఎంత సంతోషపడిందో! అందరూ తిన్నారా, ఇంకో జాడీ పెడతానుండు అంది."

నా కళ్ళమ్మట నీళ్ళు జలజలా కారాయి. అబద్ధం కాదు, నిజమైన నీళ్ళే. పైట చెంగు ఉంటే తడిసేది, టీషర్టు కాబట్టి భుజంతో తుడుచుకున్నాను.

"ఆ జాడీయే అక్కా, మీకిచ్చింది," అంది దేవమణి. "ఎలా ఉంది గోంగూర?"

"గోంగూరా? అది గోంగూర కాదమ్మా, పచ్చళ్ళకే గురువు. గురుదక్షిణ ఇచ్చుకోవాలి!" అన్నాను.

నాలుక అంత చురుగ్గా ఎలా తిరిగిందో నాకు తెలియదు. దేవమణి మొహం మాత్రం వెలిగిపోయింది.

*

జూలైలో ఇంటి ఓనరు ఫోను చేసి, ఫ్లాటు అమ్మేస్తున్నానని, సెప్టెంబరులో లీజు అయిపోతే పొడిగించనని చెప్పాడు. మీకు గ్రాండేగా అన్నాడు. ఇక్కడ ఫర్వాలేదు అనడానికి అన్నీ గ్రాండే, గ్రాండ్‌గా ఉండేది ఏదీ ఉండదు. అద్దెకి ఇళ్ళు లేవు, ఉన్నవాటి ముందు పెళ్ళికి వచ్చినంత జనం. కొనుక్కోవడమొక్కటే దారి. లూకన్‌లో ఓ ఇల్లు చూశాం. మా ఆయన జీతానికి బ్యాంకు మూతి ముడిచింది.

సరిగ్గా ఆ వారమే ఆఫీసులో ఆయన విభాగానికి డైరెక్టరు పోస్టు పడింది. కింద ఓ వాక్యం ఉంది. అర్హతలు సమానంగా ఉంటే, పై పదవుల్లో ఇప్పటిదాకా కనబడని జాతులవాళ్ళ వైపు మొగ్గు చూపిస్తారట.

అర్హతలు సమానంగా ఉన్నది ఇద్దరికే. ఒకరు మా ఆయన, రెండోది పక్క కుర్చీ కాహల్. పేరు కాహలే గానీ కలహం ఎరుగని మనిషి. మేం వచ్చిన కొత్తలో మా పేర్లు వినగానే ఇళ్ళవాళ్ళు ఫోను పెట్టేస్తుంటే, తనే వచ్చి, నాదీ హామీ అని చెప్పి ఈ ఫ్లాటు ఇప్పించింది ఆయనే.

ఆ రాత్రి భోజనాల దగ్గర సహస్ర ఫోర్కు ఆపింది. "సో కాహల్‌కి రాదు, బికాజ్ హీ ఈజ్ వైట్? నాన్నా, అది రేసిజం కాదా?"

"కాదమ్మా," అన్నారు మా ఆయన. గొంతు సవరించుకున్నారు. "రంగు చూడొద్దు అనేముందు, చూడటం ఆపాలి. పదవి ఇచ్చే గదిలోనే కాదు, ఆ గదికొచ్చే దారంతా."

"దట్స్ దేవమణి ఆంటీస్ లైన్."

"మంచిమాట ఎవరిదైతేనేం?"

"బట్ యూ డిడ్‌న్ట్ అగ్రీ విత్ హర్."

మా ఆయన నీళ్ళు తాగారు. నేను అప్పడం అందించాను. మా ఇంట్లో సమాధానం లేని ప్రశ్న వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి కరకరలాడించడం ఆచారం.

ఆ ఆదివారం కాహల్ వచ్చాడు. బాల్కనీలో నిలబడి, కొండల వైపు చూస్తూ మాట్లాడాడు. ఇంగ్లీషులో అన్నదాన్ని మన భాషలో చెబుతున్నాను.

"నీ దగ్గర దాచడమెందుకు జాన్? నాకు కోపంగా ఉంది. నీ మీద కాదు. పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. మా నాన్న బురదనేలల్లో పొయ్యిలోకి పీట్ మట్టి తవ్వినవాడు, మా ఇంట్లో కాలేజీ ముఖం చూసింది నేనే మొదలు. ఇప్పుడు నేను పుట్టిన రంగు నాకు అడ్డమైతే, దాన్ని ఏమని పిలవాలో నువ్వే చెప్పు."

ఆ మాటలు మా ఆయనకి కొత్తవి కావు. పందొమ్మిదేళ్ళ వయసప్పటి ఆయన గొంతు ఎదురుగా నిలబడి, ఎర్రజుట్టుతో, ఐరిష్ యాసలో మాట్లాడుతోంది. కాదనలేరు, అవుననలేరు. కాహల్ చివరికి తనే భుజం తట్టి, "యూ విల్ బీ గ్రాండ్" అని వెళ్ళిపోయాడు.

ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న ముందే చెప్పేశారు. మీరు బయటివాడిగా నిలబడిన ఒక అనుభవం చెప్పండి, అది మిమ్మల్ని ఎలాంటి నాయకుణ్ణి చేసిందో చెప్పండి.

"నాకేముందే?" అన్నారు మా ఆయన మంచం అంచున కూర్చుని. "ఇల్లు అద్దెకివ్వకపోవడం ఉంది. దాన్ని తీర్చింది కాహలే. వాడితో పోటీలో ఆ కథెలా చెప్పను?"

నిజమే. వడ్డించేవాడు ఎప్పుడూ ఆయన వాడే. జన్మలో కడపంక్తి చూడని మనిషి. నేను చిన్నప్పట్నుంచీ కథలు అల్లినదాన్ని. నా కళ్ళ ముందు సెప్టెంబరు, అట్టపెట్టెలు, వీధి కనబడుతున్నాయి.

"హాస్టలు. పచ్చడి జాడీ. పేరుకు బదులు నంబరు," అన్నాను.

"అది దేవమణిది కదే."

"వాళ్ళకేం తెలుసండీ? దేశం కాని దేశంలో జాడీ ఎవరిదైతే ఏమిటి, కథలో బాధ నిజమేగా. కాపీరైటు అంటే ఏమిటి? కాపీ చేయడం రైటని."

ఆ జోకుకి ఆయన నవ్వలేదు. కానీ కలం తీసుకున్నారు.

*

ఆగస్టులో పోస్టు వచ్చింది. ఏం చెప్పాలి, ఎగిరి గంతేశాను. బ్యాంకు మూతి విప్పారింది. లూకన్ ఇంటికి అడ్వాన్సు కట్టాం.

ఆ నెలలోనే ఆఫీసు ఆవరణలో కుటుంబాలతో సహా వేసవి విందు. గేటు దాటి లోపలికి అడుగుపెట్టేసరికి గోడంత తెర మీద మా ఆయన ఫోటో. దానికింద పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో ఒక్కటే మాట, జాడీ. ఇంటర్వ్యూలో ఆయన చెప్పింది విని కమిటీలో ఒకావిడ కన్నీళ్ళు పెట్టుకుందట, అందరికీ తెలియాలని ఇలా చేశారట. ప్రెస్‌లో దాచింది ఎప్పటికైనా అచ్చయి బయటికి రాక తప్పదన్న సంగతి నాకా క్షణంలో అర్థమైంది.

"రెండు మాటలు మీ నోటితో చెప్పండి, జాన్," అని మైకు చేతిలో పెట్టారు.

నేను జనంలో దేవమణి కోసం వెతికాను. వచ్చి ఉండకూడదని నాకు తెలిసిన దేవుళ్ళందర్నీ పిలిచాను. సాసేజీలు కాలుస్తున్న పొయ్యి పక్కన, అదే మామిడిపండు రంగు చుడీదార్‌లో, కాగితం పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

మా ఆయనా చూశారు. చూశారని నాకు తెలుసు, ఎందుకంటే మైకుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. మైకు ఇచ్చేసి దిగిపోవచ్చు. కడుపులో బాగాలేదనవచ్చు. కింద కొత్త బాసు నవ్వుతోంది, తెర మీద ఆయన ఫోటో నవ్వుతోంది. చెప్పారు. నాలుగేళ్ళూ నన్ను నంబరుతో పిలిచారన్నారు. మా అమ్మ ఆవకాయ జాడీ ఇచ్చి పంపిందన్నారు. గోంగూర ఆవకాయ ఎందుకైందో ఆయన్ని నేను ఇప్పటికీ అడగలేదు. ఎవరూ చెంచా ముంచలేదన్నారు. ఆవరణంతా చప్పట్లు.

దేవమణి కూడా కొట్టింది. ఒక చేతిలో పళ్ళెం ఉంది కదా, ఆ చప్పట్లకి చప్పుడు లేదు.

కాహల్ జనాన్ని తోసుకుంటూ వచ్చి మా ఆయన్ని కావిలించుకున్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇన్నేళ్ళు పక్కన కూర్చుని ఒక్కమాట చెప్పలేదేం జాన్? నేనేమో నీ ముందు నా ఏడుపు ఏడ్చాను. నువ్వు పడ్డదానికి ఈ ఉద్యోగం ఏపాటి? నా మనసులో ఇంకేం లేదు. శభాష్, ఫెయిర్ ప్లే టు యూ." మా ఆయన అతని భుజం మీదుగా నా వైపు చూశారు. అలాంటి చూపు నేను పెళ్ళయ్యాక ఎరగను.

దేవమణి నా దగ్గరికొచ్చింది.

"అన్నయ్యగారు బాగా చెప్పారక్కా," అంది నెమ్మదిగా. "మా గోంగూరని ఆవకాయ చేశారు, అంతే."

"దేవమణీ, అది..."

"జాడీ ఖాళీ అయ్యే ఉంటుందిగా? మీరు ఇల్లు మారేలోపు వచ్చి తీసుకుంటాను. అమ్మది కదా."

లీక్స్‌లిప్ మీద వేసిన జోకు గుర్తొచ్చింది. లీకు నాది, స్లిప్పు ఆయనది. ఆ ఊరివాళ్ళకి అందులో ఏ పాత్రా లేదు.

ఇంటికి నడుస్తున్నప్పుడు మా ఆయన, "కాహల్‌కి చెప్పేస్తానే" అన్నారు.

"ఇంటి రిజిస్ట్రేషన్ కానివ్వండి," అన్నాను. అన్నది నేనే. నిచ్చెన న్యాయమా అన్యాయమా అని వేసవంతా వాదించుకున్న ఇంట్లో, ఎక్కేసిన నిచ్చెన ఎవరి భుజాల మీద ఆనించామో ఆ రాత్రి ఎవరం మాట్లాడలేదు.

ముందు నడుస్తున్న సహస్ర ఆగి వెనక్కి తిరిగింది. చెవుల్లో వైర్లున్నాయి, పాట లేదు. అంతా విన్నదన్నమాట. "కాహల్ కోపం తప్పు అన్నారు కదా," అంది. మొదటిసారి పూర్తిగా తెలుగులో అంది, ఒక్కో మాటా తడుముకుంటూ. "ఇప్పుడు కోపం పోయింది. అది కూడా తప్పే కదా?"

దారిలో అప్పడాలు లేవు.

*

సెప్టెంబరులో అట్టపెట్టెలు సర్దుతుంటే పైఅరలో వెనకాల జాడీ కనబడింది. తెలుపు, గోధుమరంగు అంచు. కట్టిన వాసెన కట్టినట్టే ఉంది. కిందికి దించి బల్ల మీద పెట్టి, దానికెదురుగా కూర్చున్నాను. దేవమణి ఇంకాసేపట్లో వస్తానని మెసేజి పెట్టింది.

పారబోసి కడిగేయొచ్చు. చెత్తబుట్ట పక్కనే ఉంది. ఒకప్పుడు ఆమె బస్టాండు వెనక చేసిన పనే. ఆమె తల్లి మనసు కష్టపెట్టకూడదని చేసింది, నేను... ముడి మీద వేళ్ళు పెట్టాను. ఎలా వేసిందో ఏమో, గుడ్డ అంచుని మెలితిప్పి లోపలికి దోపింది. విప్పడం వచ్చు, మళ్ళీ అలా కట్టడం నాకు రాదు. అయినా ఖాళీ చేశాక కట్టడమెందుకు? బుర్ర ఆ మాత్రం కూడా పనిచెయ్యలేదు.

సహస్ర పెట్టెకి టేపు వేస్తూ చూసింది. "అమ్మా, అది ఓపెన్ చేయలేదా? ఆంటీతో సూపర్‌గా ఉందని చెప్పావు."

"వెల్లుల్లి ఎక్కువే. నాన్నకి పడదు."

"మనం ప్రతి శుక్రవారం గార్లిక్ బ్రెడ్ తింటాం కదా," అంది. వెటకారం కాదు. నిజంగా అర్థంకాక అడిగింది. నేను ఇంకో పెట్టె దగ్గరికి లాక్కున్నాను.

బెల్లు మోగింది.

తలుపు తీశాను. దేవమణి లోపలికి రాలేదు. "కారు డబుల్ పార్కింగ్‌లో పెట్టానక్కా" అంది. బల్ల మీంచి జాడీ తెచ్చి రెండు చేతులతో ఇచ్చాను. అందుకుంది. బరువుకి ఆమె చేతులు కొంచెం కిందికి దిగాయి. ముడి వైపు చూసింది. తను వేసిన ముడి తనకి తెలియదా.

మనలో ఓ మర్యాద ఉంది. ఇరుగుపొరుగు ఏదైనా పెట్టి పంపితే గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు. కాస్త పంచదారో, రెండు అరటిపళ్ళో వేసి ఇవ్వాలి.

"ఖాళీగా ఇవ్వకూడదని నింపి ఇచ్చారా అక్కా?" అంది.

దేవమణి నోట నేను విన్న మొదటి జోకు. బ్రహ్మాండమైన జోకు. నా పాతికేళ్ళ మైకు చరిత్రలో అలాంటిది ఒక్కటి లేదు. ఎవరూ నవ్వలేదు.

లిఫ్టు వచ్చింది. లోపలికెళ్ళి ఇటు తిరిగి నిలబడింది, జాడీని పసిబిడ్డలా చంకనెత్తుకుని.

"డి అంటే డౌటు కాదక్కా," అంది. తర్వాత ఇంటిపేరు చెప్పింది. ఇంటిపేరు, ఒంటిపేరు, క్లాసులో మొదటిరోజు లేచి చెప్పినట్టు, పూర్తిగా, స్పష్టంగా. ర్యాంకు చెప్పలేదు.

ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను. అది వినగానే నా అలవాటు కొద్దీ నాలుక చివరికి ఉరుక్కుంటూ వచ్చిన మాట కూడా రాయను. మింగాను. తలుపులు మూసుకున్నాయి, లిఫ్టు కిందికి వెళ్ళింది.

మొహం తుడుచుకోబోతే చేతులు ఘుమ్మన్నాయి. వేసవంతా నూనె ఊరి ఊరి గుడ్డలోకి ఇంకినట్టుంది. గోంగూర, ఎండుమిర్చి, దండిగా వెల్లుల్లి. వాసెన విప్పనేలేదు, వాసన మాత్రం పోలేదు.